కర్ణార్జునుల తగవు – కనబడని సుమతి

ఒక చలనచిత్రము బాగున్నదా లేదా యని యడిగినచో నేడు మనకు రెండే సమాధానములు వచ్చుచున్నవి. అది యెన్ని కోట్లు వసూలు చేసెనో చెప్పుట యొకటి. అందులో తమవాడు గెలిచెనో యోడెనో చెప్పుట రెండవది. మొదటిది వర్తకుని లెక్క. రెండవది కోడిపందెము దగ్గఱ వినవచ్చు కేక. రెండింటిలో నేదియు నభిప్రాయము కాదు. చూచినదానిని తలపోసి, తూచి, కారణము చెప్పి నిలుపుకొనగల మాటయే యభిప్రాయము. అట్టి మాట మన యిండ్లలోను బడులలోను వీథులలోను నానాటికి నరుదగుచున్నదని నా యభియోగము. దీనికి నిదర్శనముగా 2024 జూన్ 27వ తేదీన విడుదలయిన 'కల్కి 2898 ఏడీ' యను చిత్రమును, దానిపై కర్నూలు కడప జిల్లాలలో నేను విన్న మాటలను చదువరుల ముందుంచుచున్నాను.

చిత్రమును చూడనివారికొఱకు కథ క్లుప్తముగా చెప్పుదును. నాగ్ అశ్విన్ దర్శకత్వమున వైజయంతీ మూవీస్ వారు తీసిన యీ చిత్రము వైజ్ఞానిక కల్పన, యుద్ధకథ. ఇతర దేశములలో నిట్టివాటికి నవల మూలమగును. ఇక్కడ మహాభారతమే మూలము. కురుక్షేత్రము జరిగిన యాఱువేల యేండ్లకు లోకమున మిగిలిన నగరము కాశి. గంగ యెండిపోయినది. తలక్రిందులుగా వ్రేలాడు పిరమిడ్డువంటి 'కాంప్లెక్స్' అను కట్టడమొకటి యాకాశమున నున్నది. నీరు, పచ్చదనము, పండ్లు అన్నియు దానిలో. దుమ్ము, ఆకలి క్రింది నేలమీద. దాని నేలు యాస్కిన్ అనువాడు గర్భము దాల్చగల స్త్రీలను తెప్పించి, వారి గర్భములనుండి జీవసారమును పిండి, తన యాయువును పెంచుకొనజూచుచున్నాడు. ఆ స్త్రీలకు పేరులు లేవు, సంఖ్యలే. అందొకతె సమ్-80. ఆమె తప్పించుకొని బయటపడిన పిమ్మట సుమతి యను పేరు పొందును. ఆమె కడుపులోనిది రానున్న కల్కి. ఆ గర్భమునకు కాపు నిలిచినవాడు చిరంజీవియైన యశ్వత్థామ. ఆమెను పట్టియిచ్చి కాంప్లెక్స్‌లో చోటు సంపాదింపజూచువాడు భైరవుడు. ఈ భైరవుడు పూర్వజన్మమున కర్ణుడని కడపట తెలియును.

ఇంత కథ చూచి వచ్చిన మనవారు దేనినిగుఱించి తగవులాడిరి? కొండారెడ్డి బురుజు దగ్గఱి టీకొట్టున, కడపకు పోవు బస్సున, బడి వరండాలో, అందఱి చేతిలోని ఫోనులలో, ఎక్కడ విన్నను నొక్కటే ప్రశ్న: కర్ణుడు గొప్పవాడా, అర్జునుడు గొప్పవాడా? ఈ ప్రశ్నకు వెనుక భారతము లేదు. కర్ణుడుగా కనబడినవాడు ప్రభాస్. అర్జునుడుగా కనబడినవాడు విజయ్ దేవరకొండ. నటుల యభిమానులు పురాణవీరుల పేరులు కప్పుకొని పోట్లాడుకొనిరి. పదవ తరగతి బాలురు రెండు పక్షములుగా చీలి వాదించుకొనుచుండగా నేను, "సరే, సుమతి సంగతియేమి?" అని యడిగితిని. రెండు పక్షములును నొక్కసారి మౌనము వహించెను. కొంత సేపటికి వెనుక వరుసలోని బాలిక యొకతె లేచి, "ఆయమ్మకు పేరు లేదు కద సార్, నంబరు పెట్టినారు" అనెను. ఆ వారములలో నేను విన్న విమర్శవాక్యము అదొక్కటే.

తగవు వచ్చినది గనుక దానిని గ్రంథముతోనే తేల్చుదము. కర్ణుడు మహావీరుడు, సందేహము లేదు. కాని ఘోషయాత్రలో గంధర్వులు దుర్యోధనుని చెఱపట్టినప్పుడు కర్ణుడు రథము పోగొట్టుకొని, వికర్ణుని రథమెక్కి తొలగిపోయెను, విడిపించినది యర్జునాదులు. ఉత్తరగోగ్రహణమున నర్జునుడొక్కడే కర్ణునితో గూడ కౌరవసేన నంతయు నోడించెను. నిండుసభలో ద్రౌపది వస్త్రములు తీయుమని పలికినవారిలో కర్ణుడున్నాడు. ఆ పరుషవాక్యములకు తాను పరితపించుచున్నట్లు ఉద్యోగపర్వమున కృష్ణునితో చెప్పుకొన్నవాడును కర్ణుడే. కర్ణుని రథమును అర్జునుని బాణములు చాలదూరము వెనుకకు నెట్టగా, హనుమంతుడును కృష్ణుడును నున్న యర్జునరథమును కర్ణుడు కొన్నియడుగులు నెట్టెనని ప్రతిపక్షమువారు వల్లించు కథ వ్యాసునిది కాదు, జనశ్రుతి. ఎఱ్ఱన తెనిగించిన యారణ్యపర్వశేషమును, తిక్కన విరాటోద్యోగపర్వములను ఇంటనుంచుకొన్న జాతి యీ వాదమున నొక గంటకంటె నెక్కువ గడుపవలసిన పని లేదు. గ్రంథము తెఱచినచో తీఱును. తెఱవనొల్లని వారికే యది నెలల తరబడి సాగును.

అయినను కర్ణపక్షమువారిని పూర్తిగా త్రోసివేయుట న్యాయము కాదు. ప్రజలు కర్ణుని ప్రేమించుటకు కారణమున్నది. ప్రతిభ యుండియు పుట్టుక పేరిట నవమానితుడైనవాడు కర్ణుడు. కులము పేరు చెప్పి పంక్తిలోనుండి లేవగొట్టబడిన తాతలు, తండ్రులు గల యిండ్లు మన యూళ్ళలో నెన్నియో కలవు. అట్టి యింటి బాలుడు సూతపుత్రుడను మాట వినగానే కర్ణునివైపు నిలుచుట సహజము, గౌరవింపదగినది కూడ. శివాజీ సావంత్ 1967లో వెలువరించిన 'మృత్యుంజయ' యను మరాఠీ నవల, నందమూరి తారకరామారావు 1977లో నిర్మించి, దర్శకత్వము వహించి, తానే కర్ణుడును దుర్యోధనుడును కృష్ణుడునై నటించిన 'దానవీరశూరకర్ణ' ఈ భావమునే పెంచినవి. నేటి ప్రేక్షకుని మనస్సులోని కర్ణుడు వ్యాసునికంటె వీరికి ఎక్కువ ఋణపడినాడు. దీనిని నేను తప్పుపట్టను. కాని కర్ణునిపై ప్రేమ పుట్టుకచేత మనుష్యుని కొలుచు దురాచారముపై కోపముగా మాఱినప్పుడే దానికి విలువ. ఆ కోపము సినిమాహాలు గడప దాటకమున్నే చల్లారి, "మావోడే గెలిచినాడు" అను కేకగా మిగిలినచో, కర్ణుని కవమానము జరిగిన సభలో మనమును కూర్చుండి చప్పట్లు కొట్టినట్లే.

ఇక రెండవ తెగవారు పండితంమన్యులు. భారతమును మార్చిరని, పాడుచేసిరని వీరి గోడు. మార్చుటయే దోషమా? 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రకథ వ్యాసభారతమున లేదు. బలరామునికి శశిరేఖ యను కూతురున్నట్లు వ్యాసుడెఱుగడు. పాండవుల కథయని పేరు. పాండవులు తెరమీద కానరారు. దానికి దర్శకుడు తాడిపత్రివాడైన కే.వీ. రెడ్డి, నిర్మాతలలో నొకరు కడప జిల్లావాడైన బి. నాగిరెడ్డి. మన సీమవారు చేసిన యా మార్పును తరతరములుగా తెలుగిండ్లన్నియు నెత్తిన పెట్టుకొన్నవి. కనుక మూలమునుండి కథ తొలగెనా యనుట ప్రశ్న కాదు. ఎందుకు తొలగెను? తొలగి యెక్కడికి చేరెను? విమర్శకుడడుగవలసిన ప్రశ్నలివి.

ఈ ప్రశ్నలతో చూచినచో కల్కి చిత్రములోని ముఖ్యమైన మార్పు కర్ణునియందు లేదు, అశ్వత్థామయందున్నది. సౌప్తికపర్వమున నశ్వత్థామ నిదురించుచున్న యుపపాండవులను చంపెను. అంతటితో నాగక, పాండవస్త్రీల గర్భములమీదికి అస్త్రమును విడిచెను. ఉత్తర గర్భమందలి శిశువునకు దెబ్బ తగిలెను. కృష్ణుడు శిశువును బ్రతికించి, మూడువేల యేండ్లు ఒంటరిగా, రోగియై, మనుష్యుల పొత్తు లేక తిరుగుమని వానిని శపించెను. వ్యాసుడా శాపమునకు పరిహారము చెప్పలేదు. చిత్రము చెప్పినది: గర్భముపై నస్త్రము వేసినవాడు గర్భమునకు కావలి కాయవలెను. పాపమునకు ప్రాయశ్చిత్తము గంగలో మునుగుట కాదు. ఏ బలహీనునికి హాని చేసితివో యా బలహీనుని గుమ్మము ముందు నిలిచి కాపాడుట. ఇది మన స్మృతికారుల ప్రాయశ్చిత్తకాండలకంటె నున్నతమైన నీతి. వీరేశలింగముగారు వితంతువుల పక్షమున నిలిచి చేసిన బోధకు నిది దగ్గఱి చుట్టము. అమితాబ్ బచ్చన్ పోషించిన యీ పాత్రను చూచి, ఆయన యెత్తును, ఆయన వయస్సును మెచ్చుకొన్నవారిని వందలమందిని వింటిని. ఈ నీతిని పట్టుకొన్నవానిని చూడలేదు.

ప్రేక్షకులు తప్పుదారి పట్టుట మన దేశమునకే చెల్లిన దోషము కాదు. హెచ్.జి. వెల్స్ 1898లో ప్రకటించిన 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' నవలలో అంగారకవాసులు ఇంగ్లండుమీదికి దండెత్తి వత్తురు. ఐరోపావలసవాసులు టాస్మేనియా ప్రజలను నిర్మూలించిన వృత్తాంతమును వెల్స్ మొదటి యధ్యాయముననే స్మరించెను: ఇతరులకు మీరు చేసినదే మీకు జరిగినచో నెట్లుండునని తనవారి నడిగెను. తరువాత వచ్చిన చిత్రములలో నెక్కువమంది చూచినది యంత్రములను, మంటలను. ఆ ప్రశ్నను కాదు. రాబర్ట్ హైన్లైన్ 1959లో వ్రాసిన 'స్టార్షిప్ ట్రూపర్స్' నవల సైనికజీవనమును గౌరవించునది. 1997లో దానిని చిత్రముగా తీసిన పాల్ వెర్హోవెన్ బాల్యమున నాజీల యేలుబడిలోని హాలండును చూచినవాడు. ఆయన యా గౌరవమును వ్యంగ్యముగా మార్చి, యుద్ధోన్మాదమును వెక్కిరించెను. నవలాభిమానులు కవచములు లేవని కోపించిరి. పలువురు విమర్శకులు వెక్కిరింతను నిజమని నమ్మి, చిత్రము నియంతృత్వమును బోధించుచున్నదని నిందించిరి. ఏండ్లు గడచిన పిమ్మటగాని దాని యర్థము విస్తారముగా తెలిసిరాలేదు. కవచము లెక్కపెట్టినవారికి వ్యంగ్యము కనబడలేదు. బాణము లెక్కపెట్టిన మనకు సుమతి కనబడలేదు. రోగమొక్కటే.

సుమతి కనబడకపోవుట చిన్న లోపము కాదు. స్త్రీని గర్భముగా మాత్రమే లెక్కించు రాజ్యమును చిత్రకారుడు క్రీస్తుశకము 2898లో నుంచెను. మనమందులకంత దూరము పోవలెనా? పెండ్లియైన యేడాదికే "ఏమైనా విశేషమా?" అని కోడలి నడుగు నోళ్ళు మన వీథిలో లేవా? సంతానము లేనిచో భర్తను పరీక్షింపక, భార్యనే గుడిగుడికి త్రిప్పు నిండ్లు మనకు తెలియవా? గర్భస్థశిశువు ఆడుదో మగదో తెలిసికొనుటను, తెలుపుటను నిషేధించుచు ప్రభుత్వము 1994లో శాసనము చేయవలసి వచ్చెనన్నచో, ఆ శాసనమునకు కారణమైన కాంప్లెక్స్ ఎవరి యింట నుండెను? సమ్-80 అను సంఖ్య యంత్రము పెట్టినది. "ఫలానావాని పెండ్లాము", "పెద్దోని తల్లి" యని పిలుచుచు ఆడుదాని పేరు మఱచిపోవు నలవాటు మనమే పెట్టుకొన్నది. ఈ చిత్రమును కుటుంబముతో చూచివచ్చిన తండ్రి, రాత్రి భోజనమువేళ కూతురితో నీ మాట యెత్తియున్నచో టిక్కెట్టు డబ్బు సార్థకమయ్యెడిది.

ఇట్టి మాట యెత్తుట మన ప్రాంతపు ప్రేక్షకునికి క్రొత్తయును కాదు. కడప జిల్లాలోని సురభి గ్రామమున 1885లో ప్రారంభమైన సురభి నాటకసమాజము మొదట ప్రదర్శించినది 'కీచకవధ'. సైరంధ్రియై కొలువు చేయు ద్రౌపదిని బలవంతుడొకడు పట్టజూచుటయు, కొలువులోని పెద్దలు నోరు మెదపకుండుటయు నందలి వస్తువు. స్త్రీపాత్రలు పురుషులే వేయు కాలమున స్త్రీలను రంగస్థల మెక్కించిన కీర్తి యా సమాజమునకు దక్కినది. ఇక పద్యనాటకములు చూచు మన పల్లెవాడు రాయబారఘట్టమున కృష్ణవేషధారి పద్యమును రాగయుక్తముగా నెత్తుకొన్నచో వన్సుమోరు కొట్టును. శ్రుతి తప్పెనా, వేషగాడెంతటివాడైనను నీలవేయును. అతనికి కథ తెలియును. కావున గెలుపోటములపై నాసక్తి లేదు. ఎట్లు చెప్పిరి, ఏమి చెప్పిరి యనుటయే యతని తీర్పునకు విషయము. అక్షరము రాని యా పెద్దలకున్న రసజ్ఞత, పట్టములు పుచ్చుకొన్న మనుమలకు లేకపోవుట విద్యావంతులకు సిగ్గు.

మఱియొక సంగతి మనవారికి తట్టకపోవుట నాకు మిక్కిలి యాశ్చర్యము కలిగించినది. ఎండిన గంగ, పైన నీరు, క్రింద దాహము: ఈ దృశ్యమును చూచి సీమవాడు ఉలికిపడవలదా? 1876–78 నాటి మహాక్షామమున కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతములు పీనుగులపెంట యగుచుండగా, ఈ దేశపు ధాన్యము ఓడలెక్కి పరదేశములకు పోయెను. అది యాకాశమున వ్రేలాడని కాంప్లెక్స్. కర్నూలు–కడప కాలువను త్రవ్వించినది లాభమునకు వచ్చిన యాంగ్లేయ కంపెనీ. ప్రభుత్వము దానిని 1882లో కొనవలసి వచ్చెను. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగు ఒడంబడిక తుంగభద్ర, కృష్ణ, పెన్న జలములలో సీమకు ప్రాధాన్యము నిచ్చెదమని మాట యిచ్చెను. ఆ మాట యెంతవఱకు నిలిచెనను వాదము నేటికిని మన యూళ్ళలో ముగియలేదు. నీరెవరిది, పైవానిదా క్రిందివానిదా యను ప్రశ్నను ఇంతకంటె లోతుగా నెఱిగిన ప్రేక్షకులు తెలుగుదేశమున మఱెవ్వరు? మనమా ప్రశ్నను హాలులోనే విడిచి, గాండీవమెంత బరువో చర్చించుచు వచ్చితిమి. కర్ణుని దానమును పొగడువారు 1866 నాటి కఱవులో తన గాదెలు తెఱచి వేలమందికి గంజిపోసిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిని తలచిరా? కవచకుండలముల దానము కథ. ఆ గంజి మన నేలమీద జరిగినది.

"సినిమా వినోదము మాత్రమే; దానికింత తర్కమేల?" అని కొందఱందురు. వినోదము మాత్రమే యైనచో మిత్రులతో మాటలు మానుకొనునంతటి కోపములేల? ఇంకను వినుడు. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' విజయము పొందిన తరువాత సీమ యన బాంబులు, వేటకొడవళ్ళు, తొడగొట్టుటలే యని తెలుగుదేశమంతయు నేర్చుకొన్నది. కర్నూలు నుండి వచ్చితిననగానే పరాయి యూరివారు నవ్వుచు రెండడుగులు వెనుకకు వేయుట మన పిల్లలెఱుగుదురు. వినోదమనుకొన్న కథ యొక జిల్లా ముఖమునకు మసి పూయగలదు. మన మనుభవించియు నేర్వనిచో నెవరు నేర్తురు? పైగా ఆ చిత్రములు విడుదలయిన దినములలో మొదటి యీల వేసినవారము మనమే. తొడ గొట్టినవాడు మనవాడు గదా యని మురిసితిమి. "మనవాడు" అను నొక్క మాట మన వివేకము నెట్లు తినివేయునో దీనికంటె నిదర్శనము వేఱు కావలెనా?

చిత్రమును నేను నిర్దోషమని చెప్పుట లేదు. సుమతికి పేరిచ్చిన దర్శకుడు ఆమెకు మాటల నీయలేదు. ఆమె పరుగిడును, దాగికొనును, ఏడ్చును. ఆమె తలపేమో మనకు సరిగా తెలియదు. భైరవుని పరిహాసములకు, పోరాటములకు దొరికిన సమయములో నాలుగవ వంతు ఆమెకు దొరకినచో కథకు బలము చేకూరియుండెడిది. గర్భమే స్త్రీ యని నమ్మిన యాస్కిన్‌ను నిందించుచు, చిత్రమును నామెను దివ్యగర్భముగానే ఎక్కువగా చూచినది. చివరకు ప్రేక్షకుని దృష్టిని కర్ణజన్మరహస్యముమీదికి త్రిప్పి, తగవునకు నిప్పు రాజేసినవాడును దర్శకుడే. ఈ దోషములను చెప్పుట మన ధర్మము. కాని చెప్పిన దెవరు? వేయికోట్ల రూపాయలు వసూలైనవని నిర్మాతలు ప్రకటించిరి. అభిమానులు దానినే విమర్శయని చాటిరి. సంతలో గొఱ్ఱె ధర దాని తూకము చెప్పును గాని దాని యారోగ్యమును చెప్పదు.

కావున తల్లులకు, తండ్రులకు, తోడి యుపాధ్యాయులకు నా విన్నప మిది. పిల్లలను సినిమాలనుండి దాచిపెట్టకుడు; అది జరుగు పనియు కాదు, మేలును కాదు. వారితో కూర్చుండి చూడుడు. ఇంటికి వచ్చిన పిదప మూడు ప్రశ్న లడుగుడు: ఈ కథలో బాధపడినవా రెవరు? ఆ బాధకు కారణము లెవరు? అట్టివారు మన యూర నున్నారా? జవాబు తప్పైనను వినుడు. వారి ప్రశ్నకు మీకు జవాబు తోచనిచో పుస్తకము తెఱవుడు. అట్లు నాలుగిండ్లలో జరిగినచో ఆ వీథిలో అభిప్రాయము పుట్టును. అభిప్రాయము గల ప్రేక్షకుడున్నచోట చిత్రకారునికి భయమును నుండును, ఉత్సాహమును నుండును. కల్కి కథకు రెండవ భాగమును తీయుదుమని నిర్మాతలు ప్రకటించియున్నారు. అది వచ్చునాటికి కర్ణార్జునులలో నెవరు గెలిచిరని కాక, సుమతి నోట మాట వచ్చినదా, క్రిందివారికి నీరు దిగినదా యని యడుగు ప్రేక్షకులు కర్నూలు కడపలనుండి పదిమంది లేచినను చాలును.